తిరగని స్టీరింగ్

వెంకటప్ప రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి కట్లలో ఉన్నాయి. మంచం పక్కన బల్ల మీద ఇడ్లీ డబ్బా మూత తీసి ఉంది. ఎవరూ ముట్టలేదు. పక్క మంచంలో కాలికి బరువు వేలాడదీసి ఉన్న రఫీ అనే కడప కుర్రాడికి మాట సాయమే గాని చెయ్యి అందదు.

దోహాలో ఆసుపత్రి వార్డు. ఆదివారం ఉదయం పది ఇరవై. అరుంధతి కుర్చీ లాక్కుని, నొప్పిగా ఉన్న కుడి మోకాలు మెల్లగా చాపి కూర్చుంది.

"నా పేరు అరుంధతి. ఇన్సూరెన్స్ కంపెనీ పంపితే వచ్చాను. బండి ఎలా కాలిందో కనుక్కుని రాయడం నా పని. నేను పోలీసుని కాదు. నొప్పిగా ఉంటే చెప్పు, ఆపేద్దాం."

"ఆపినా నొప్పి ఉంటాది మేడమ్. అడగండి."

నలభై ఏడేళ్ళ మనిషి. ఉమ్మడి అనంతపురం జిల్లా కదిరి దగ్గర పల్లె. స్పేర్ పార్టుల వ్యాపారి సుధాకరరావు దగ్గర తొమ్మిదేళ్ళుగా హౌస్ డ్రైవరు. భార్య ఆంజనమ్మ అక్కడే వంటమనిషి. దోహా బయట ఉమ్ సలాల్‌లో సుధాకరరావు అద్దెకు తీసుకున్న తోటలో, గురువారం మధ్యాహ్నం ఒక షెడ్డు తగలబడింది. అందులో ఉన్నది 1969 మోడల్ మస్టాంగ్, పాత అమెరికన్ కారు. ఆ రకం బళ్ళు ఆ ఏడాది తయారైనవే తక్కువ, అందుకే ఖరీదు ఎక్కువ. షెడ్డు మూల పెట్రోలు డబ్బా, దాని పక్కన సిగరెట్టు ముక్కలు దొరికాయి. తప్పు డ్రైవరుదని పోలీసులు రాసుకున్నారు. రేపు ఉదయం తొమ్మిదింటికి ప్రాసిక్యూషన్ వాళ్ళు ఆ కాగితాలు చూస్తారు. అరుంధతి రిపోర్టు కూడా అదే మాట చెబితే ఈ మనిషికి జైలు తప్పదు.

"గురువారం మధ్యాహ్నం నుంచి చెప్పు. టైములతో సహా."

"మూడుంబావుకు సార్ ఫోన్ చేసినాడు. తోట ఇంట్లో టేబుల్ మీద పార్సిల్ ఉండాది, సిటీలో ముషైరిబ్ ఆఫీసులో ఇచ్చి ఆడ్నే ఉండు, ఐదున్నరకు నేనే వస్తా అన్నాడు. బయల్దేరినా. కొంచెం దూరం పోయినాంక చూస్తే పక్క సీట్లో పార్సిల్ ల్యా. టేబుల్ మీదనే మర్చిపోయిన్నా. బండి తిప్పుకొని వచ్చినా."

"తోటలోకి ఎన్నింటికి వచ్చావు?"

"మూడూ నలభై. గేటు తీస్తానే వాసన కొట్టె. షెడ్డు సందుల్లోంచి పొగ."

అరుంధతి కాగితాలు తిరగేసింది. ఆంజనమ్మ పొగ చూసి సివిల్ డిఫెన్స్‌కి ఫోన్ చేసింది మూడూ యాభై రెండుకి. ఫైరింజను వచ్చింది నాలుగూ తొమ్మిదికి.

"నువ్వు వచ్చింది నలభైకి. ఫోన్ వెళ్ళింది యాభై రెండుకి. ఆ పన్నెండు నిమిషాలు ఏం చేశావు?"

"బండిని బయటికి తీద్దామని చూసినా. షట్టరు ఎత్తేటప్పటికి మంట వెనక సీటు కాడ ఉండె. ముందుకు రాల్యా. కీ ఎప్పుడూ మేకుకు తగిలించి ఉంటాది. ఆ పొద్దు ల్యా. సరే తోద్దామని డోరు తీసి, స్టీరింగు పట్టుకొని భుజం ఆనిచ్చినా. స్టీరింగు తిరగల్యా మేడమ్. గేరు కదల్యా. గుంజినా, ఊపినా. చేతులు కాలతా ఉండేది కూడా తెలీల్యా."

అరుంధతి పెన్ను కాగితం మీద ఆగింది.

"స్టీరింగ్ తిరగలేదా? బాగా గుర్తు తెచ్చుకో."

"తిరగల్యా. లాక్ పడినట్ల ఉండె."

ఇరవై ఒక్క ఏళ్ళుగా దోహాలో కాలిన బళ్ళు, నలిగిన బళ్ళు, మునిగిన బళ్ళు చూసి చూసి పాత అమెరికన్ బండ్ల సంగతులు ఆవిడకి కంఠతా వచ్చు. 1969 మస్టాంగ్‌కి స్టీరింగ్ లాక్ ఉండదు. కీ లేకపోయినా చక్రం తిరుగుతుంది. ఈ మనిషి అబద్ధం చెబుతున్నాడు. అదీ నేర్పు లేని అబద్ధం.

"సిగరెట్టు తాగుతావా?"

"ల్యా. మా నాయన బీడీలకే సచ్చినాడు."

ఆవిడ పుస్తకం మూసింది. లేవబోయి, ఇడ్లీ డబ్బా వైపు చూసి మళ్ళీ కూర్చుంది. ముక్క తుంచి, చట్నీలో అద్ది అతని నోటి దగ్గర పెట్టింది.

"వొద్దు మేడమ్, మీరు..."

"తిను. నాకు టైముంది."

టైము లేదు. అయినా రెండు ఇడ్లీలూ అయ్యేదాకా కూర్చుంది. వెంకటప్ప తినేంతసేపూ కళ్ళు దించుకునే ఉన్నాడు.

*

లిఫ్టు దగ్గర భరణి ఎదురుచూస్తున్నాడు. చేతిలో రెండు కాఫీ కప్పులు. ఒకటి ఆవిడ కోసమే. ముప్పై నాలుగేళ్ళ హైదరాబాదు మనిషి. నాలుగేళ్ళు అరుంధతి దగ్గరే అసిస్టెంటుగా పనిచేసి, పోయిన నవంబరులో మానేశాడు. ఇప్పుడు బండ్ల యజమానుల పక్షాన ఇన్సూరెన్స్ కంపెనీలతో వాదించడం అతని పని. ఈ కేసులో సుధాకరరావు మనిషి.

"చక్కెర లేకుండ తెచ్చిన మేడమ్. స్టీరింగ్ ముచ్చట చెప్పిండా మీకు?"

"చెప్పాడు."

"పోలీసులకు గూడ గదే చెప్పిండు. అరవై తొమ్మిదిల స్టీరింగ్ లాక్ యాడిది? కీ పెట్టే చోటు బోర్డు మీద ఉంటది, స్టీరింగ్‌కు దానికి సంబంధమే లేదు. మీరే నేర్పిన్రు గదా నాకు. బండి కాడికి పోనే పోలే గాడు. చేతులు కాలినయంటే, డబ్బా అంటుకున్నప్పుడే కాలినయి."

"డబ్బా అంటుకుని కాలితే మొహం కూడా కమిలేది. అతని మొహం మీద చిన్న మచ్చ కూడా లేదు."

"తిప్పుకున్నడేమో. మేడమ్, రిపోర్టు సాయంత్రానికి ఇస్తే నాకూ పని అయిపోతది, మీకూ అయిపోతది. ఉమ్ సలాల్ దాకా ఎండల ఎందుకు పోవుడు? ఫోటోలు నేను పంపిస్త."

కాఫీ వేడిగా, చేదుగా ఉంది. ఆవిడ అలాగే నిలబడి సగం తాగింది. భరణి చెప్పిన దాంట్లో తప్పు లేదు. ఫోటోలు పంపమని ఒక్క మాట అంటే చాలు. అల్ సద్‌లో తన ఫ్లాటుకి వెళ్ళి, ఏసీ వేసుకుని, మోకాలికి మందు రాసుకుని పడుకోవచ్చు.

"కీ ఎక్కడుంది?" అంది హఠాత్తుగా.

"ఏంది?"

"ఎప్పుడూ మేకుకి ఉండే కీ ఆ రోజు లేదన్నాడు. కాలిపోయిన షెడ్డులో దొరికిన సామాన్ల లిస్టులో కూడా లేదు. ఇనప కీ కాలిపోదుగా. అయితే ఎక్కడుంది?"

భరణి భుజాలు ఎగరేశాడు. ఆవిడ కప్పు చెత్తడబ్బాలో పడేసి లిఫ్టు ఎక్కింది.

*

ఒంటిగంటా పదికి ఆంజనమ్మ తోట గేటు తీసింది. సన్నటి మనిషి. మొగుణ్ణి చూడడానికి శుక్రవారం ఒక్కసారే వదిలారట. మళ్ళీ సెలవు ఇవ్వలేదు.

"తిన్యాడా మేడమ్?"

"రెండు ఇడ్లీలు తిన్నాడు."

ఆంజనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం అటు తిరిగింది. తర్వాత ఏమీ జరగనట్టు ముందు నడిచింది.

కాలిన షెడ్డుకి వంద గజాల దూరంలో కొత్త షెడ్డు. అందులో ఆరు మస్టాంగులు వరసగా నిలబడి ఉన్నాయి. సుధాకరరావుకి అదొక పిచ్చి. ఆ బండి పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఏడు తరాలు. తరానికొకటి చొప్పున ఏడు కొని దాచాడు. మొదటి తరానిదే కాలిపోయింది.

"ఇవి ఎప్పట్నుంచి ఇక్కడున్నాయి?"

"మంగళవారం నుంచి మేడమ్. అన్నీ ఆ పాత షెడ్డులోనే ఉండె. పైకప్పు రిపేరు చేపిచ్చాల, ఆరూ కొత్త దాంట్లో పెట్టు అన్నాడంట సారు. ముసిలిదాన్ని కూడా తెద్దామా అంటే, అది తర్వాత సూద్దాం లే అన్నాడంట."

"ముసిలిదా?"

"మా ఆయన పెట్టిన పేర్లు." ఆంజనమ్మ సిగ్గుపడింది. "కాలిపోయింది ముసిలిది. ఇది పొట్టిది. ఇది పెట్టె. ఇది గుండ్రటిది. ఇదేమో మళ్ళా ముసిలిదాని మొగమే పెట్టుకొని వచ్చింది అంటాడు. ఇది బటన్‌ది. ఇది టీవీది. గురువారం గురువారం ఒగోదాన్ని స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాడు."

అరుంధతికి నవ్వొచ్చింది. ఇంజనీర్లు పుస్తకాల నిండా రాసిన చరిత్రని వెంకటప్ప ఏడు మాటల్లో తేల్చేశాడు. పెట్రోలు కరువైన రోజుల్లో కుదించుకుపోయింది పొట్టిది. ఎనభైల్లో మూలలు తేలి పెట్టెలా అయింది. తొంభైల్లో ఆ మూలలు అరిగి గుండ్రమైంది. రెండువేల అయిదులో పాత మొహం కోసం వెనక్కి చూసింది. వెనక మూడు గీతల దీపాలు ఒక తరంలో పోయి, ఇంకో తరంలో మళ్ళీ వచ్చాయి.

ఆవిడ పొట్టిదాని తలుపు తీసి కూర్చుంది. కళ్ళు మూసుకుని, ఏళ్ళ అలవాటుగా కుడిచెయ్యి చాచింది. కీ పెట్టే చోటు స్టీరింగ్ గొట్టం పక్కనే తగిలింది. కీ తీసేసి చక్రం తిప్పింది. అది టక్కున పట్టేసింది. పెట్టెలోనూ అంతే. గుండ్రటిదానిలోనూ, పాత మొహం దానిలోనూ అంతే. చివరి రెండింటిలో కీ లేదు, బటను ఉంది. ఒకదానిలో బోర్డంతా టీవీ తెరే.

టీవీదానిలో కాసేపు అలాగే కూర్చుండిపోయింది. సీటు మెత్తగా ఉంది. లేవాలనిపించలేదు.

ఒక్క మొదటి తరంలోనే కీ బోర్డు మీద ఉండేది. అదీ 1969 దాకానే. మొదటి తరం ఇంకా ముగియకుండానే, 1970 మోడల్లో కీ స్టీరింగ్ గొట్టం మీదికి దిగింది. దొంగలు తోసుకుపోకుండా అప్పుడే లాకు పెట్టారు. కీ తీసేస్తే చక్రం బిగుసుకుంటుంది, గేరూ కదలదు.

గేరు కదల్యా.

స్టీరింగ్ గురించి అబద్ధం చెప్పేవాడు గేరు సంగతి ఎందుకు కల్పిస్తాడు? రెండూ ఒకే లాకుతో ముడిపడి ఉంటాయని ఒక హౌస్ డ్రైవరుకి ఎలా తెలుస్తుంది? కల్పించలేదు. చేతులతో పట్టుకుని చూసిందే చెప్పాడు.

అరుంధతి దిగి, కాలిన షెడ్డు వైపు నడిచింది. మోకాలి సంగతి ఆవిడకి గుర్తులేదు.

*

బండి నల్లటి చట్రంగా మిగిలింది. అద్దాలు కరిగి ముద్దలయ్యాయి. సీట్లు స్ప్రింగులయ్యాయి. వెనక భాగం ఎక్కువ కాలింది. వెంకటప్ప చెప్పినట్టే మంట వెనక నుంచి ముందుకు నడిచింది. పెట్రోలు డబ్బా దొరికిన మూల మాత్రం బండికి ముందువైపు ఉంది. అంటే మంట ఆ డబ్బా దగ్గర పుట్టలేదు. అరుంధతి ఆ దూరం టేపుతో కొలిచి రాసుకుంది.

"ఆంజనమ్మా, ఈ టార్చి పట్టుకో. ఇలా, కిందికి."

స్టీరింగ్ చక్రం ఇనప కమ్మీ రెండు చోట్ల లోపలికి వంగి ఉంది. ఎవరో రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజినట్టు. ఆవిడ నేల మీద పడుకుని గొట్టం కిందికి తల దూర్చింది. మసి ముక్కులోకి వెళ్ళింది. కీ దూర్చే దిమ్మ కరిగి కారిపోయింది. కానీ దాని వెనక ఉన్న ఉక్కు పళ్ళ చక్రం మిగిలింది. దాని పళ్ళలో ఇరుక్కుని చిటికెన వేలంత ఉక్కు మేకు. లాకు పడి ఉంది.

1969 బండిలో ఆ పళ్ళ చక్రం ఉండదు.

లేచి ముందుకు వెళ్ళింది. అద్దం కింద చాసిస్ నంబరు ఉండే రేకు అల్యూమినియంది, కరిగిపోయింది. అదే నంబరు ముందు చక్రం పైన, మడ్‌గార్డు రెక్క కింద లోపలి రేకు మీద కూడా కొట్టి ఉంటుంది. బయటి రేకు వేడికి వంకరపోయి సందిచ్చింది. స్క్రూడ్రైవరుతో దాన్ని ఇంకాస్త ఎత్తి, తీగల బ్రష్షుతో మసి రుద్దింది. 1969 మోడల్ అయితే మొదటి అంకె తొమ్మిది ఉండాలి.

"ఏముండాది మేడమ్?" అంది ఆంజనమ్మ.

"సున్నా."

"అంటే?"

"అంటే ఇది 1970 బండి. పైన రేకులన్నీ 1969వి తొడిగి ముసిలిదాని వేషం వేశారు. అసలు ముసిలిది ఎక్కడుందో మీ సార్‌కే తెలియాలి. దీన్ని కాలిస్తే ఇన్సూరెన్స్ డబ్బు మాత్రం అసలుదాని లెక్కన వస్తుంది." ఆవిడ గోడకి ఆనుకుంది. "మీ ఆయన నిజమే చెప్పాడమ్మా. అబద్ధం చెప్పింది బండి."

బయట కారు ఆగిన చప్పుడైంది. రెండూ ఐదు. భరణి లోపలికి వచ్చాడు.

"ఎందుకొచ్చిన్రు మేడమ్ ఇంత ఎండల?"

"ఇలా రా. ఈ స్టీరింగ్ గొట్టం చూడు. ఆ తర్వాత రెక్క కింద నంబరు చూడు."

భరణి వంగలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కాలిన బండి కేసి కన్నెత్తి కూడా చూడలేదు. నాలుగేళ్ళు ఆవిడ దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఏ బండి చూపినా ముందు కింద పడుకుని చూసేవాడు.

"చూడవేం?" అంది అరుంధతి మెల్లగా. "తెలుసు గనకనా?"

అతను టాబ్లెట్ తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ముందు మీరు ఇది చూడున్రి."

వార్షిక తనిఖీ పత్రం. పోయిన ఏడాది జూన్ పదకొండు. 1969 మస్టాంగ్, అసలు స్థితిలో ఉన్నది, స్వయంగా చూసి ధ్రువీకరించడమైనది. కింద అరుంధతి సంతకం.

షెడ్డు లోపల గాలి ఆడడం లేదు. ఆవిడ బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఆంజనమ్మా, మీ ఆయనతో మాట్లాడాలి. ఎవరి ఫోనుకి చేస్తున్నావు?"

"రఫీకి మేడమ్." ఆమె నంబరు కలిపి స్పీకరు పెట్టింది. అవతల రఫీ, "అన్నా, నీకే" అనడం వినిపించింది.

"వెంకటప్పా, ముసిలిదానికి కీ ఎక్కడ పెట్టేవాడివి?"

"స్టీరింగు పక్కనే మేడమ్."

"మొదట్నుంచీ అక్కడేనా?"

"ల్యా ల్యా. ముందు బోర్డుకు ఉండె. రెండేండ్ల కింద, రంజాన్ అయినంక, పెయింటింగ్‌కని పోయి ఇరవై దినాలకు వచ్చింది. అప్పట్నుంచి కీ కిందికి వచ్చింది. ఇదేంది సార్ అంటే, మార్పిచ్చినా లే, లాక్ ఉంటే మంచిది గదా అన్నాడు."

"పోలీసులకి ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగల్యా మేడమ్."

అడగలేదు. పొద్దున మంచం పక్కన కూర్చుని ఆవిడ కూడా అడగలేదు.

అసలు బండి వెళ్ళిపోయింది రెండేళ్ళ కింద. ఆవిడ సంతకం పోయిన ఏడాదిది. అంటే ఆవిడ ధ్రువీకరించింది ఈ వేషం బండినే. ఆ జూన్ నెల గుర్తొచ్చింది. నలభై ఆరు డిగ్రీలు. ఆ వారంలో పదహారో తనిఖీ. మోకాలు వాచి ఉంది. ఉమ్ సలాల్ వెళ్ళలేదు. ఆఫీసులో కూర్చుని ఫోటోలు చూసి సంతకం పెట్టింది. ముందు నుంచి, వెనక నుంచి, పక్కల నుంచి తీసిన ఫోటోలు. లోపలిది ఒక్కటీ లేదు.

"సుధాకరరావు సార్ ఈ కేసుకు మిమ్మల్నే పంపమని పేరు పెట్టి అడిగిండు మేడమ్," అన్నాడు భరణి. "ఎందుకనుకున్నరు? వేరేటోళ్ళు వస్తే కింద పండుకుని చూస్తరు. మీరు చూసినా రాయలేరు. రాస్తే ముందుగాల పోయేది మీ లైసెన్సే."

అరుంధతి తల ఎత్తింది.

"ఆ ఫోటోలు తీసింది నువ్వే."

భరణి కాళ్ళ కింది మసి వైపు చూశాడు.

"నువ్వే కదూ? నా బదులు నిన్ను పంపాను. లోపలికి చూశావు. కీ ఎక్కడుందో చూశావు. చూసి, ఆ ఫోటో తియ్యలేదు."

"తీసిన." అతని గొంతు తగ్గిపోయింది. "తీసి, సార్‌తో మాట్లాడినంక తీసేసిన. నౌకరీ ఇస్తనన్నడు. కానీ మేడమ్... మీరు అడుగుతరనుకున్న. లోపలి ఫోటో ఏది భరణీ అని. మూడు రోజులు చూసిన. మీరు అడగలే."

"అడిగుంటే?"

"చెప్పేటోణ్ణేమో."

ఆ మాట నిజమో కాదో ఆవిడకి తెలియలేదు. నిజమే అయ్యుండవచ్చు. అదే ఎక్కువ బాధగా ఉంది.

భరణి దగ్గరికొచ్చి మునివేళ్ళ మీద కూర్చున్నాడు. బతిమాలుతున్నట్టే మాట్లాడాడు. "ఇంకో తొవ్వ ఉంది. వెంకటప్ప పొరపాటున కాలిందని ఒక్క కాయితం మీద ఒప్పుకుంటే సార్ మాఫీ చేస్తడు. కేసు వాపస్ తీసుకుంటడు. రేపే ఫ్లైట్ ఎక్కి ఊరికి పోతడు. జైలు లేదు. మీ పేరు చెడదు. ఎవ్వరికీ ఏం కాదు మేడమ్."

ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ ఆ మాటని నిజంగానే ఆలోచించింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఈ వయసులో లైసెన్సు పోతే ఎవరూ పిలవరు. వెంకటప్పా ఇంటికి వెళ్ళిపోతాడు, చేతులు మానతాయి. ఆవిడకి ఎంత అలసటగా ఉందంటే, ఆ బకెట్టు మీద కూర్చునే సంతకం పెట్టేసేది.

ఆంజనమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది. అడగడం లేదు. చేతిలో టార్చి ఇంకా ఆర్పలేదు. అది వంగిన స్టీరింగ్ మీద పడుతోంది.

అరుంధతి సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళ చక్రం ఫోటో, సున్నా అంకె ఫోటో, వంగిన చక్రం ఫోటో వరసగా ఎక్కించింది. పైన మొదటి వాక్యం రాసింది: 'గత ఏడాది జూన్ 11న ఈ వాహనాన్ని స్వయంగా చూసినట్టు నేను సంతకం చేశాను. నేను చూడలేదు.' తర్వాతివి చకచకా వచ్చాయి. బండి ఏ ఏడాదిదో, ఎవరూ దాన్ని బయటికి తియ్యకుండా మేకు మీది కీ ముందే ఎలా మాయమైందో, సుధాకరరావు మంగళవారం ఏం చేశాడో, గురువారం మూడుంబావుకి ఏం చెప్పాడో. ఫోటోలు తీసిందెవరో కూడా రాసింది.

"మేడమ్," అన్నాడు భరణి.

"నీ పేరు రాశాను. నా పేరు కింద."

ఆఫీసుకి, ప్రాసిక్యూషన్‌కి కలిపి పంపింది. రెండూ నలభై ఏడు. భరణి లేచి, ప్యాంటుకంటిన మసి దులుపుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

లాప్‌టాప్ మూస్తుండగానే ఆంజనమ్మ ఫోన్ మోగింది.

"అక్కా!" రఫీ గొంతు. గుసగుసలాడుతున్నాడు. "మీ సార్ ఆఫీసులో కాయితాల పనులు చూసే మందూబ్ వచ్చినాడు, ఇంగొగడు ఎంట ఉండాడు. అన్న మంచం చుట్టూ తెర లాగేసినారు. ఏందో కాయితం తెచ్చినారు. చేతులకు కట్లుండాయి సంతకం ఎట్ల అంటే, కాలి యేలిముద్ర అయినా సరే అంటాండారు."

అరుంధతి ఫోను లాక్కుంది. "ఫోను తెర దగ్గరికి చాచు. వినపడేలా." ఒక చేత్తో సంచి తీసుకుని కారు వైపు పరిగెత్తింది. ఆంజనమ్మ వెనకే వచ్చి పక్క సీట్లో పడింది. ఆసుపత్రికి పాతిక నిమిషాల దూరం.

"వెంకటప్పా! నేనే! అది తప్పు ఒప్పుకునే కాగితం, దాని మీద వేలిముద్ర వెయ్యొద్దు! రిపోర్టు పంపేశాను. నీ తప్పు లేదని రాశాను."

తెర వెనక నుంచి సన్నగా వినిపించింది. "ఎయ్యను మేడమ్. కాల్లు దుప్పట్లోకి మడిచి పెట్టుకొని కూసోనుండా. మీరు బిన్నా రాండి."

కారు గేటు దాటింది. రోడ్డెక్కింది. ఫోన్లో ఎవరో అరబ్బీలో కసిరారు. ఇంకో గొంతు హిందీలో తాపీగా అంది: కాలు వద్దు, కట్టు విప్పు, ఒక్క వేలు కనపడితే చాలు.

"నర్సుని పిలువు!" అని అరిచింది అరుంధతి. "గట్టిగా కేక వెయ్యి వెంకటప్పా! సిగ్గుపడకు!"

గుడ్డ చిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత ఆ మనిషి అరిచాడు. తొమ్మిదేళ్ళలో అతని గొంతు అంత పైకి లేవడం ఆంజనమ్మ కూడా వినలేదు.

"బండి నేను కాల్చల్యా! నేను కాల్చల్యా!"

ఏదో కింద పడి పగిలింది. ఫోన్ కట్ అయింది.